శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

ఉపాధ్యాయుడు కాగోరు విద్యార్థి మొట్టమొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన విషయ మొకటి కలదు. తాను చెప్పబోవు పాఠము ఎదుట కూర్చున్న బాలునికి అర్థమగునా, కాదా యనునదే యా ప్రశ్న. చూచుట కిది మిక్కిలి చిన్నది; కాని దీనికి సమాధానము వెదకుచు ఒక మహనీయుడు తన యాయుర్దాయములో అధికభాగమును వెచ్చించెను. ధనమును, విశ్రాంతిని, తుదకు వినికిడిని సైతము ధారపోసెను. అట్టివారి చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికయందు సంగ్రహముగా తెలుప సంకల్పించితిమి. వారే శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన వంశధారానదీ తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. ఆ ప్రాంతము నేడు శ్రీకాకుళము జిల్లాలోనిది. ఆనాడు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యవిద్య స్వగ్రామముననే జరిగెను. శ్రీముఖలింగమున మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు కలవు. పూర్వము కళింగము నేలిన గాంగరాజుల శాసనములు వానియందు చెక్కబడియున్నవి. కాలక్రమమున ఆ లిపి మారిపోయినందున సామాన్యులకు వానిని చదువుట సాధ్యము కాకుండెను. ఆ రాతిగోడలమీది వ్రాతలే పిమ్మట పంతులుగారిని చరిత్రపరిశోధకునిగా చేసినవి.

పంతులుగారికి పండ్రెండేండ్ల ప్రాయమున, అనగా 1875వ సంవత్సరమున, తండ్రిగారు ఉద్యోగరీత్యా చోడవరమునకు బదిలీయై, అచ్చట విషజ్వరముచే కాలధర్మము నొందిరి. ఇంటికి పెద్దకుమారుడు, వెనుక తమ్ముడును, చెల్లెండ్రును కలరు. ఇట్టి స్థితిలో చదువు నిలిచిపోవుట లోకమున సామాన్యము. నేటికిని మన పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములో పనిచేయు తండ్రి మంచమెక్కినచో, ఇంటిలోని పెద్దపిల్లవాని పుస్తకముల సంచి గోడకు వ్రేలాడుచు నుండిపోవుట మనమెరిగినదే. కాని బంధువుల యాదరణమువలన రామమూర్తిగారు విజయనగరమున మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చేరి చదువు సాగించిరి. అచ్చట వారికి సహాధ్యాయి యైనవారు గురజాడ వేంకట అప్పారావుగారు. ఒకే పాఠశాలలో చదివిన యీ బాలురిరువురును పిమ్మట తెలుగు భాష నడకనే మార్చిరన్న, ఆ పాఠశాల భాగ్యము నేమని చెప్పవలెను!

1879లో పంతులుగారు మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. పై చదువులు చదువవలెనను కోరిక బలీయముగ నుండెను. కాని కుటుంబభారము వారిపై బడెను. మరుసటి సంవత్సరమున, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో క్రింది తరగతికి చరిత్ర బోధించు ఉపాధ్యాయులుగా నియమింపబడిరి. అప్పటికి వారి ప్రాయము పదునేడేండ్లు మాత్రమే. నేటి మన విద్యార్థులలో ఆ వయసువారు ఇంకను విద్యార్థులుగనే యుందురు.

ఉద్యోగము లభించిన పిమ్మట చదువు ముగిసినదని తలచువారు పెక్కుమంది. పంతులుగారు అట్లు తలపలేదు. పగలు బాలురకు పాఠములు చెప్పి, మిగిలిన కాలమున తాము చదువుకొనుచు, చెల్లెండ్రకు వివాహములు చేసి, తమ్మునికి చదువు చెప్పించుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షయందును, పదేండ్లకు 1896లో బి.ఏ. పరీక్షయందును ప్రయివేటుగా ఉత్తీర్ణులైరి. మెట్రిక్యులేషను మొదలు బి.ఏ. వరకు పదునేడు సంవత్సరములు పట్టెనని యెవరైన పరిహసింపవచ్చును. మేము మాత్రము ఆ పదునేడేండ్ల పట్టుదలకే నమస్కరించుచున్నాము. ఇంతలో రాజావారి పాఠశాల కళాశాలగా వృద్ధిచెందినందున, పంతులుగారికి పై తరగతులకు బోధించు యోగ్యత కూడ లభించెను.

చరిత్రపాఠమును పుస్తకము చూచి చెప్పి ఊరకుండుట వారి స్వభావము కాదు. ప్రాచీనలిపులను తమంతట తాము నేర్చుకొని ముఖలింగ శాసనములను చదివిరి. గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఆ ముఖలింగ ప్రాంతమే యని నిరూపింప యత్నించి, ఆంగ్లభాషలో వ్యాసములు ప్రకటించిరి. సత్యమును మూలమునందే వెదకవలెననియు, పరుల మాటను పరీక్షింపక నమ్మరాదనియు వారికి ఈ శాసనపరిశోధనయే నేర్పెను. ఆ యలవాటు పిమ్మటి భాషావాదమున వారికి గొప్ప యాయుధమయ్యెను.

పర్లాకిమిడి కొండల నడుమనున్న పట్టణము. ఆ కొండలయందు సవరలను అడవిజాతివారు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని, ఓఢ్రమునకుగాని చేరినది కాదు, ముండా భాషాకుటుంబములోనిది. సవరలు సంతకు దిగివచ్చినప్పుడు వర్తకులు వారిని మోసగించుచుండిరి. పత్రములయందేమి వ్రాయబడినదో, కచేరీలలో తమ్మునుగూర్చి యేమి చెప్పబడుచున్నదో వారికి తెలియకుండెను. చదువులేమిచే ఒక జాతియంతయు నలిగిపోవుట చూచి పంతులుగారు మిక్కిలి చింతించిరి. వారికి చదువు చెప్పవలెనన్న, ఏ భాషలో చెప్పవలెను? తెలియని భాషలో తెలియని విషయమును చెప్పినచో బాలునికి రెండు భారములగును. కావున ముందుగా గురువే శిష్యుని భాషను నేర్వవలెనని పంతులుగారు నిశ్చయించిరి.

ఆ కాలమున సవరభాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, నేర్పు పాఠశాల లేదు. సవరభాషయు తెలుగును తెలిసిన యొకనిని పంతులుగారు తమ యింటనే యుంచుకొని, మాట వెంట మాట నేర్చుకొనిరి. అంటరానితనము ప్రబలియున్న యా దినములలో, బ్రాహ్మణ గృహమున కొండజాతివాని నుంచుకొని గురువుగా గౌరవించుట సామాన్యమైన పని కాదు. పిమ్మట కొండలెక్కి, పల్లెలు తిరిగి, వారి పాటలను, కథలను సేకరించిరి. సవరభాషలో చిన్నపుస్తకములు వ్రాసిరి; తమ సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవర బాలురకు వారి భాషయందే అక్షరములు దిద్దించిరి. ప్రభుత్వమువారు ఈ కృషిని గుర్తించి 1913లో రావుబహద్దరు బిరుదము నొసంగిరి.

అయితే ఈ కొండల సంచారము వారికి చలిజ్వరమును తెచ్చిపెట్టెను. దానికై సేవించిన క్వినైను మందువలన క్రమముగ చెవుడు ప్రాప్తించెను. ఒక జాతి మాటలను విని వ్రాసికొనుటకై వెళ్ళిన మనుజునికి వినికిడియే పోయినదన్న, ఇంతకన్న విచారకరమైన విషయము వేరొండు కలదా? అయినను వారు పని మానలేదు. వారి పెద్దకుమారులు సీతాపతిగారు తోడ్పడుచుండిరి. సుమారు నలువదేండ్ల శ్రమకు ఫలముగ సవరభాషా వ్యాకరణమును 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువును 1938లోను చెన్నరాజధాని ప్రభుత్వమువారు ముద్రించిరి. నేటికిని ఆ భాషను పరిశోధించు పండితులు ఈ గ్రంథములను స్మరింపకుండ ముందుకు పోజాలరు.

ఇక తెలుగునాట పంతులుగారికి కీర్తిని, దానితోపాటు పలువురి విరోధమును తెచ్చిన విషయమును చెప్పవలసియున్నది. 1906-07 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. ఆయన బడులను పరీక్షించుచు, ప్రజలు మాటలాడు తెలుగునకును, పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేల కలదని ఆశ్చర్యపడి, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. వారి మూలమున ఆ ప్రశ్న గురజాడవారికిని, గిడుగువారికిని చేరెను. సవరబాలుని విషయమున తాము కనుగొన్న సత్యమే తెలుగుబాలునికిని వర్తించునని పంతులుగారు అప్పుడు గ్రహించిరి. తెలుగు మాటలాడు పిల్లవానికి సైతము బడిలోని తెలుగు పరభాషవలెనే యుండెను గదా!

ఈ భేదమును మా చిన్న విద్యార్థులకు ఒక దృష్టాంతముచే తెలిపెదము. ఇంటిలో తల్లి నాన్న వచ్చిండని చెప్పును. కోస్తాజిల్లాలలోని తల్లి వచ్చాడని చెప్పును. పుస్తకమున జనకుడు వచ్చెనని యుండును. బాలుడు వచ్చెను అనగా వచ్చిండని నేర్చుకొనుటలోనే తన బుద్ధిబలమును వ్యయపరచును. భూగోళమునైనను, ఆరోగ్యశాస్త్రమునైనను గ్రహించుటకు శక్తి మిగులదు. మాటకు మాట అర్థము వల్లించుటయే విద్య యని భ్రమించును. పంతులుగారి వాదము ఇదియే. కావ్యములను చదువవలదని వారెన్నడును చెప్పలేదు; ప్రాచీన కవులయందు వారికి గల గౌరవము, పాండిత్యము అసామాన్యములు. శాస్త్రములను, వార్తలను, లోకజ్ఞానమును తెలుపు వచనము మాత్రము శిష్టులు నిత్యము మాటలాడు భాషయందుండవలెనని వారు కోరిరి. గ్రాంథికవచనము అనాదిసిద్ధమైన దనుట సరికాదనియు, చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడిన పిమ్మటనే అది బడులలో స్థిరపడినదనియు, అంతకు పూర్వపు శాసనములు, వ్యాఖ్యానములు, వైద్యగ్రంథములు, లేఖలు మొదలైనవానియందు వాడుకమాటలు విరివిగ కలవనియు తాళపత్రములు చూపి నిరూపించిరి.

1912-13లో స్కూలు ఫైనలు పరీక్షయందు విద్యార్థులు వ్యాసమును ఏ శైలియందైనను వ్రాయవచ్చునని అధికారు లనుమతించిరి. అంతట గొప్ప కలకలము పుట్టెను. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన విద్వాంసులు దీని నెదిరించిరి. వారు దుర్బుద్ధితో నెదిరించిరని మేమనము. వాడుకభాష జిల్లా జిల్లాకు మారునదనియు, దానిని గ్రంథస్థము చేసినచో తెలుగువారి ఐక్యము చెడుననియు వారు నిజముగనే భయపడిరి. సభలు జరిగెను, మనవులు పంపబడెను. తుదకు 1914లో ప్రభుత్వము ఆ యనుమతిని ఉపసంహరించుకొనెను. మరుసటి సంవత్సరము, 1915లో, గురజాడవారు పరమపదించిరి. చిన్ననాటి సహాధ్యాయిని, భాషోద్యమమున కుడిభుజమును పంతులుగారు కోల్పోయిరి. ఓటమియు, ఒంటరితనమును, చెవుడును ఒక్కుమ్మడి వచ్చిన కాల మది.

పంతులుగారు 1911లోనే ఉద్యోగవిరమణము చేసియుండిరి. ఇంటిపట్టున సుఖముగ నుండవలసిన వయసున ఊరూర తిరిగి ఉపన్యసించిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము స్థాపింపబడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దాని కధ్యక్షులైరి, గిడుగువారు కార్యదర్శులైరి. యావజ్జీవము గ్రాంథికమున వ్రాసిన వీరేశలింగముగారు అవసానదశయందు ఈ పక్షమునకు వచ్చుట గొప్ప విశేషము. ఆ సంవత్సరముననే పంతులుగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. 1925లో తణుకున జరిగిన ఆంధ్రసాహిత్య పరిషత్తు సభయందు నాలుగు గంటలకాలము ప్రసంగించి, గ్రాంథికవాదులైన పండితులు సహితము ఆ భాషను తప్పులులేకుండ వ్రాయలేకున్నారని వారి గ్రంథములనుండియే ఉదాహరణములు చూపిరి. పండితులకే సాధ్యము కాని దానిని పదేండ్ల పిల్లవానియందు ఆశించుట న్యాయమా యనునదే వారి యుద్దేశము.

ఇచ్చట మాదొక లోపము నొప్పుకొనవలసియున్నది. ఈ మహనీయుని చరిత్రమును వారు బడిపిల్లలకు తగదన్న భాషయందే వ్రాయుచున్నాము. మా సంచిక మొదటినుండి అవలంబించిన యాచారము నేటికిని విడువకుంటిమి. పంతులుగారు జీవించియున్నచో ఎఱ్ఱసిరా చేతబట్టి మా తప్పులను సైతము లెక్కించియుందురు. పెద్దలు దీనిని చదివి, ఇంట పిల్లలకు తమ మాటలలో చెప్పెదరుగాక యని వేడుచున్నాము. అదియే పంతులుగారికి ప్రీతికరమగును.

1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఓఢ్రరాష్ట్ర మేర్పడి, పర్లాకిమిడి పట్టణము అందు చేర్చబడెను. తెలుగువారు పెక్కుమంది వసించు ఆ ప్రదేశము నట్లు చేర్చుటకు సమ్మతింపక, పంతులుగారు డెబ్బదిరెండేండ్ల ప్రాయమున, అర్ధశతాబ్దికి మించి నివసించిన యూరును విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారు వారికి కళాప్రపూర్ణ బిరుదము నొసంగి గౌరవించిరి. 1940 జనవరి 15వ తేదీన చెన్నపట్టణమున ప్రజామిత్ర కార్యాలయమునందు పత్రికాసంపాదకులను గలిసి, ప్రజల భాషయందు పత్రికలను నడపుడని కడపటి విన్నపము చేసిరి. వారము దినములకు, జనవరి 22వ తేదీన, డెబ్బదియారేండ్ల ప్రాయమున కీర్తిశేషులైరి.

వారి జీవితకాలమున ప్రభుత్వము వారి కోరికను పూర్తిగ మన్నింపలేదు, కాలము మన్నించెను. నేడు మన పాఠ్యపుస్తకములు, వార్తాపత్రికలు వాడుకభాషయందే వెలువడుచున్నవి. వారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగుభాషా దినోత్సవముగ జరుపబడుచున్నది. ప్రజల నుడికారమునకై పోరాడిన కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణమున భాషాదినోత్సవముగ జరుగుచున్నది. ఈ రెండు దినములకు నడుమ పదునొకండు దినములే యెడము.

అయితే పంతులుగారి ప్రశ్నకు సమాధానము దొరికినదా? మన జిల్లాను చూడుడు. నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతముల తండాలయందు బాలురు ఇంట లంబాడీభాష మాటలాడుదురు. కర్ణాటకపు సరిహద్దు గ్రామములలో కన్నడమును, పట్టణములలో ఉర్దూను వినబడును. పటాన్‌చెరు, రామచంద్రాపురము, పాశమైలారము ప్రాంతముల కర్మాగారములకు ఉత్తరదేశమునుండి కూలీలు వచ్చుచున్నారు. ఇటుకబట్టీలలో పనిచేయుటకు ఓఢ్రదేశమునుండి కుటుంబములు పిల్లలతో కూడ వచ్చుచున్నవి. పంతులుగారు ఏ యోఢ్రరాష్ట్రపు కొండలకు వెళ్ళి శిష్యులను వెదకిరో, ఆ రాష్ట్రపు పిల్లలే నేడు మన వాకిట నిలిచియున్నారు. తరగతిలో వెనుకబల్లపై మౌనముగ కూర్చున్న బాలుడు మందబుద్ధి యని మనము తలచుచున్నాము. వానికి బుద్ధి కొఱవడలేదు. మన మాట వానికి చేరలేదు, అంతియే.

బాలురకు ప్రాథమికవిద్య మాతృభాషయందు లభించునట్లు సౌకర్యములు కల్పింపవలెనని మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము 1956లో చేర్చబడెను. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు గోండు, కోయ, లంబాడీ మొదలైన ఎనిమిది భాషలలో చిన్నపిల్లలకు వాచకములు సిద్ధముచేయు ప్రయత్నము జరిగెను. వానిలో సవరభాషయు ఒకటి. ఒక బడిపంతులు సొంత జీతముతో ప్రారంభించిన పని నూరేండ్లకు ప్రభుత్వకార్యమయ్యెను. శాసనములు, పుస్తకములు ఎన్ని యున్నను, శిష్యుని మాట వినగోరు ఉపాధ్యాయుడు తరగతిలో లేనిచో అవి నిష్ప్రయోజనములు.

మా విద్యార్థులారా, మీలో కొందరైనను ఉపాధ్యాయవృత్తి నవలంబింతురని ఆశించుచున్నాము. కర్మాగారములో లభించు వేతనము బడిలో లభింపకపోవచ్చును. కాని పదునేడేండ్ల పిల్లవాడొకడు పర్లాకిమిడి బడిలో అడుగిడినందున ఒక కొండజాతికి వ్యాకరణము లభించెను. కోట్లకొలది తెలుగు బిడ్డలకు చదువు సుకరమయ్యెను. నేడే మీ తరగతిలో మీ భాష రాని తోటిబాలుని ప్రక్కన కూర్చుండి, వాని యింటిమాటలు పది నేర్చుకొనుడు. మీ మాటలు పది వానికి నేర్పుడు. తల్లిదండ్రులారా, బిడ్డ యింటిమాటతో బడికి వచ్చినచో సిగ్గుపడకుడు. పంతులుగారి ఋణమును తీర్చుకొనుటకు ఇంతకన్న సులభమైన మార్గము మాకు తోచుట లేదు.